ఇనుమారా, ఇరుమారా?

పైపు పట్టినోడు (హనుమకొండ):
మొన్న ఆదివారం మోటారు స్టాండు కోసం ఇంట్లోనే ఇనప పట్టీ వంచాను. రెండంగుళాల వెడల్పు, 10 మి.మీ. మందం. ప్రెస్సు లేదు. నాలుగిటుకల మధ్య బొగ్గులు, ఒక బ్లోయర్, వైసు, మూడడుగుల పైపు, అంతే. ఎర్రగా కాలిన పట్టీని వైసులో బిగించి, పైపు తొడిగి లాగితే సగం వంగి మొండికేసింది. మళ్లీ కాచాను. మూడోసారికి మూలమట్టానికి కూర్చుంది. అప్పుడు నోటికొచ్చింది వేమన్న: ‘ఇనుము విరిగెనేని ఇనుమారు ముమ్మారు...’ పక్కనున్న మా వాడు ‘ఇనుమారు కాదు నాన్నా, ఇరుమారు’ అన్నాడు. మా బాపు ఇనుమారనే చదివేవాడు. ఏది సరి?

యతిభంగం:
ఛందస్సు తేల్చదు. రెండూ ‘సల’ అనే ఒకే గణం, యతికీ ఇబ్బంది లేదు. కానీ ఇనుము, ఇనుమారు అని ఒకసారి చెవిన పడ్డాక ఇరుమారు చప్పగా ఉంటుంది. ఇనుమడించులో ఉన్న ఇను ఇదే కదా.

పాత అట్ట:
ఆ చెవే మోసం చేసింది. ఎవరో లేఖకుడు ముందున్న ఇనుము చూసి ఇరును ఇను చేసి ఉంటాడు.

యతిభంగం:
తెలియని మాటను తెలిసిన మాటగా దిద్దుతారు గానీ, తెలిసినదాన్ని ఎవరైనా చెడగొడతారా సార్? రెండో పాదమూ అంతే. ‘కాచి యతుకనేర్చు కమ్మరీడు’ పోయి ‘కాచి యతుకవచ్చు క్రమముగాను’ వచ్చింది. మనిషి పోయి గణం మిగిలింది.

కొలిమి గడప:
ఇను, ఇరు సంగతి నాకు తెల్వదు. ‘కాచి’ దగ్గర ఒక్కరూ ఆగలేదేంది? మా తాత కమ్మరి. దాగలి మీద పెట్టంగనే ఇనుము చల్లబడుతది. ఎరుపు దిగినంక కొడితే లొంగది, సగం వేడి మీద వంచితే పగులుతది. అందుకే మళ్ల కొలిమిల పెడతరు. రెండు మూడు సార్లు అన్నది పద్యం కోసం చెప్పిన లెక్క కాదు, పని లెక్క. పైపు తమ్మీ, కాచకుంట వంచాల్నంటే లోపలి దిక్కు గ్రైండర్‌తో అడ్డంగ గాడి కోసి, వంచినంక గాడిని వెల్డింగ్‌తో నింపాలె. జింకు పూత ఉన్న పట్టీని మాత్రం నిప్పుల పెట్టకు, ఆ పొగ మంచిది కాదు.

పైపు పట్టినోడు:
గాడి సంగతి ముందే తెలిస్తే నా భుజం మిగిలేది. ఇంతకీ వేమన్నది అతుకు పద్యం. ఇనుము వంచే పద్యం ఏదైనా ఉందా?

పాత అట్ట:
వంపు దొరకదు గానీ సమ్మెట కావాలంటే మన బమ్మెర పోతన దగ్గరికి పో. ‘కాలుచే సమ్మెట వాటులం బడక.’ రాజులకు పుస్తకమిచ్చి యముడితో దెబ్బలు తినను అన్నాడు మహానుభావుడు. కాలుచే అంటే కాలుడి చేత, యముడి చేత అని తెలియక పదో తరగతి దాకా నేను కాలితో తన్నడమనే అనుకున్నా.

యతిభంగం:
వాటులా, పోటులా? మా అయ్యవారు పోటులనే చెప్పారు.

పాత అట్ట:
పోటు గుచ్చేది. సమ్మెటతో ఎవరైనా గుచ్చుతారా?

యతిభంగం:
రోకటిపోటు మాటేమిటి? రోకలికి మొన ఉందా?

పాత అట్ట:
రోకలి నిలువుగా దిగుతుంది, సమ్మెట తిరిగొచ్చి పడుతుంది. అది వాటే.

కొలిమి గడప:
మీరు కొట్టుకోండ్రి. తమ్మీ, వంగిన మూలకు బయటి దిక్కు చూసినవా? సన్నగీత ఏమన్న కనపడ్డదా?

పైపు పట్టినోడు:
వెంట్రుకంత ఉందన్నా. గీరిందేమో అనుకున్నా.

కొలిమి గడప:
గీరుడు కాదు. మోటారు ఎక్కియ్యకు. ముందు అతుకు పెట్టియ్యి.