కీళ్లవాతానికి అల్లం క్యాప్సూల్స్: రక్తంలో ఐరన్ పెరుగుతుందా?

కైలాసగిరి_గాలి: మా అమ్మకి రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఈ నెల రిపోర్టులో సీరం ఐరన్ (రక్తంలో తిరిగే ఐరన్) బాగా తక్కువ, ఫెరిటిన్ (ఐరన్‌ని ఒంట్లో దాచిపెట్టే ప్రోటీన్) మాత్రం ఎక్కువ. పక్కింటి ఆంటీ అల్లం సారం క్యాప్సూల్స్ వేస్తే ఐరన్ అదే పెరుగుతుందంటున్నారు. ఎవరైనా వాడారా?

ఎంవీపీ_కోడలు: మా అత్తగారు వాడారండీ. పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయి పాలప్యాకెట్ కూడా కత్తిరించలేకపోయేవారు, అది కొంచెం నయమైంది. ఐరన్ సంగతి చూపించుకోలేదు. పరగడుపున వేసుకుంటే గుండెల్లో మంట, అన్నం తిన్నాక వేసుకుంటే లేదు.

ల్యాబ్_మనిషి: ఐరన్ తక్కువ, ఫెరిటిన్ ఎక్కువ అంటే ఒంట్లో ఐరన్ లేదని కాదు. వాపు ఉన్నప్పుడు ఇంటర్‌ల్యూకిన్-6 అనే వాపు సంకేతం లివర్‌ని హెప్సిడిన్ అనే హార్మోన్ తయారుచెయ్యమంటుంది. హెప్సిడిన్ కణాల నుంచి ఐరన్ బయటికొచ్చే దారి, ఫెరోపోర్టిన్‌ని మూసేస్తుంది. బీరువాలో డబ్బుండి తాళంచెవి దొరకనట్టు. జింక్ కూడా రక్తంలోంచి లివర్‌లోకి వెళ్తుంది. కాపర్ మాత్రం పెరుగుతుంది, దాన్ని మోసే సెరులోప్లాస్మిన్‌ని లివర్ ఎక్కువ చేస్తుంది కాబట్టి.

అల్లంలోని ఘాటు పదార్థాలు జింజెరాల్స్, షోగావోల్స్, వాపు పెంచే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకుంటాయి. ఎలుకల్లో వాపు తగ్గింది, మనుషుల్లో కొన్ని ట్రయల్స్‌లో సీఆర్‌పీ (రక్తంలో వాపుని చూపించే ప్రోటీన్) కొద్దిగా దిగింది. వాపు దిగితే ఖనిజాలు మళ్లీ సర్దుకోవచ్చు. అంతేగానీ అల్లం ఐరన్ మాత్ర కాదు, ఆంటీ గారి లెక్క అక్కడ తప్పుతోంది.

రైతుబజార్_రోజూ: క్యాప్సూలెందుకండీ, సీతమ్మధార రైతుబజార్‌లో మన ఏజెన్సీ అల్లం దొరికినప్పుడు తెచ్చుకోండి. మట్టి అంటుకుని, పీచుగా, విరిస్తే ఘాటు ముక్కుకి కొట్టేది. టీలో వేసుకుంటే చాలు!

ల్యాబ్_మనిషి: ఘాటు బావుంటుంది, కాదనను. కానీ ట్రయల్స్‌లో ఇచ్చింది కొలిచిన పొడి లేదా సారం, టీలో వేసే ముక్క కాదు. పైగా అన్నంతోపాటు టీ తాగితే తిండిలో ఐరన్ సరిగా ఒంటపట్టదు. శొంఠి సంగతి వేరు. ఎండితే జింజెరాల్ కొంత షోగావోల్‌గా మారుతుంది.

కైలాసగిరి_గాలి: అమ్మకి స్టెంట్ వేశారు, రక్తం పల్చబడే మాత్ర వాడుతోంది. పర్లేదా?

ల్యాబ్_మనిషి: ఆగండి, ఇది మొదటే చెప్పాల్సిన మాట. అల్లం సారం ఎక్కువైతే రక్తస్రావం ముప్పు పెరగొచ్చు. డాక్టర్‌ని అడక్కుండా మొదలుపెట్టొద్దు.

ఎంవీపీ_కోడలు: అవునండీ, మా అత్తగారికి ఆ మాత్రల్లేవు. మీ అమ్మగారి సంగతి వేరు.

కైలాసగిరి_గాలి: సోమవారం అపాయింట్‌మెంట్ ఉంది, డబ్బా పట్టుకెళ్లి చూపిస్తా. మళ్లీ ఏ టెస్టులు అడగమంటారు?

ల్యాబ్_మనిషి: ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఐరన్‌ని మోసే ప్రోటీన్ ఎంతవరకు నిండిందో చెప్పే టెస్టు), సీఆర్‌పీ. రెండూ ఒకే శాంపిల్‌తో. లేకపోతే ఫెరిటిన్ ఎందుకు పెరిగిందో తేల్చడం కష్టం.