టెక్సాస్‌లో కొట్టిన జింక తల, నమీబియా కుడూ కొమ్ములు జడ్చర్ల ఇంటికి తెప్పించుకోవచ్చా?

జడ్చర్ల వాసి

మా బావ హ్యూస్టన్‌లో ఉంటడు, గ్రీన్ కార్డు ఉంది. అక్కడ ప్రైవేటు రాంచ్‌లో లైసెన్సు మీద కొట్టిన కృష్ణజింక తలను షోల్డర్ మౌంట్ (భుజాల దాక నిలిపిన గోడబొమ్మ) చేయించి పెట్టిండు. వచ్చే ఏడు నమీబియా పోయి కుడూ (మెలి తిరిగిన కొమ్ముల ఆఫ్రికా జింక), జీబ్రా వేటాడాలని చూస్తున్నడు. ఇవన్నీ జడ్చర్లల కొత్తింటి హాలు గోడకు పెట్టాలని ఆయన కోరిక. శంషాబాద్‌ల దించుకోవాల్నంటే ఏ కాగితాలు కావాలి, మొత్తం ఖర్చు ఎంతైతది? తెలిసినోళ్లు వివరంగ చెప్పండి. వేట మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇక్కడ వద్దు.

శంషాబాద్ కార్గో

అన్నా, ముందుగాల జింక సంగతి తేల్చుకుందాం, అన్నింటికన్న ప్రమాదం దాంతోనే.

కృష్ణజింక మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంల మొదటి షెడ్యూల్‌ల ఉన్న జంతువు. మక్తల్, కృష్ణా మండలాల్ల మంద పడి చేను మేసినా రైతు దాని మీద చెయ్యి వేయలేడు, అంత గట్టి రక్షణ. చట్టం చూసేది జాతిని. టెక్సాస్ రాంచ్‌ల పెంచిన జింకకు వేరే షెడ్యూల్ అంటూ లేదు. విదేశీ వ్యాపార విధానంల కూడా, ఈ చట్టం ప్రకారం వన్యప్రాణి అయిన దేనినైనా, దాని భాగాలను, వాటితో చేసిన వస్తువులను దిగుమతి చేయడం నిషిద్ధమని రాసే ఉంది. అమెరికాల ఎన్ని కాగితాలు తీసుకున్నా ఆ నిషేధం పోదు.

ఒకవేళ ఎట్లనో ఇంటికి చేరిందనుకోండి. వన్యప్రాణి చట్టంల 57వ సెక్షన్ చదవండి. ట్రోఫీ (వేట జంతువు తల, తోలు, కొమ్ముల వంటిది) ఎవరి దగ్గర దొరికితే, అది అక్రమంగానే ఉన్నదని కోర్టు ముందే అనుకుంటది, కాదని రుజువు చేసే భారం ఇంటాయన మీదనే పడుతది. మొదటి షెడ్యూల్ నేరానికి 3 నుంచి 7 ఏండ్ల జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. కేసు ముందుగాల పడేది గోడకు పెట్టుకున్న మీ మీదనే.

చుక్కల దుప్పి, మనుబోతు కూడా టెక్సాస్ రాంచ్‌లల్ల దొరుకుతయి. అవి కూడా మన షెడ్యూళ్లల్ల ఉన్నవే, వాటి ఆశ కూడా వదులుకోవాలి.

ఇగ ఆఫ్రికా జంతువులు. 2022 సవరణతో చట్టంల నాలుగో షెడ్యూల్ కొత్తగా వచ్చింది, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలుల ఉంది. సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జాతుల అంతర్జాతీయ వ్యాపారం మీద) ఒప్పందం అనుబంధాలల్ల ఉన్న జాతులన్నీ దాంట్లకు చేరినయి. ఆ జాతి వస్తువు సైటిస్ పర్మిట్ లేకుంట మన రేవుల దిగొద్దు. ఇండియాల సైటిస్ పర్మిట్లు చూసే మేనేజ్‌మెంట్ అథారిటీ కేంద్ర పర్యావరణ శాఖల ఉంటది. రేవు దగ్గర చూసేది వన్యప్రాణి నేర నియంత్రణ బ్యూరో, దక్షిణాది ప్రాంతీయ ఆఫీసు చెన్నైల ఉంది. జంతు ఉత్పత్తి గనుక పశుసంవర్ధక శాఖ శానిటరీ ఇంపోర్ట్ పర్మిట్, హైదరాబాద్ క్వారంటైన్ స్టేషన్ తనిఖీ కూడా లెక్కల పెట్టుకోవాలి.

హ్యూస్టన్ నల్లగొండ

పై అన్న చెప్పినదానికి ఒక ముఖ్యమైన మాట కలుపుతున్న. సైటిస్ నిర్వచనం ప్రకారం వేట ట్రోఫీ అంటే వేటగాడు సొంత వాడకానికి చట్టబద్ధంగ సంపాదించి, వేటాడిన దేశం నుంచి చివరికి తాను మామూలుగ నివసించే దేశానికి చేర్చుకునేది. బావ నివాసం అమెరికా. నమీబియా నుంచి హ్యూస్టన్ పోతే అది ట్రోఫీ. నేరుగ జడ్చర్ల అడ్రసు రాస్తే ఆ నిర్వచనంల ఇమడదు, నమీబియా అధికారి దగ్గరనే ప్రశ్న మొదలైతది. అందుకే ఆఫ్రికా సరుకును హ్యూస్టన్ వరకే ఆలోచించండి.

జాతి పేరు దగ్గర చాలామంది దెబ్బ తింటరు. కుడూ, గెమ్స్‌బాక్, ఇంపాలా అనే జింకలు, వార్ట్‌హాగ్ అనే అడవి పంది సైటిస్‌ల లేవు. జీబ్రాలల్ల మైదాన జీబ్రా లేదు, హార్ట్‌మన్ కొండ జీబ్రా మాత్రం రెండో అనుబంధంల ఉంది. నమీబియాల రెండూ దొరుకుతయి. ఇన్వాయిస్ మీద ఉత్త ‘జీబ్రా’ అని రాసి పంపితే ఇక్కడ ఆపుతరు. జిరాఫీ 2019 నవంబర్ నుంచి రెండో అనుబంధంల ఉంది. బబూన్ కోతి, కారకల్ అనే అడవిపిల్లి కూడా చిన్నవని వదిలేస్తరు గాని, రెండింటికీ పర్మిట్ కావాలి. చిరుత మొదటి అనుబంధం, దానికి ఎగుమతి పర్మిట్‌తో పాటు అమెరికా దిగుమతి పర్మిట్ కూడా ముందే చేతిల ఉండాలి. ఆ దరఖాస్తు రుసుమే 100 డాలర్లు.

పని జరిగే వరుస ఇట్ల ఉంటది. తోలు వలిచిన రోజే మాంసం, కొవ్వు గీకి ఉప్పు మందంగ పట్టించాలి. చెవులు, పెదవులు, కనురెప్పల దగ్గర ఉప్పు సరిగ ఎక్కకపోతే అక్కడనే వెంట్రుక ఊడుతది, ఆ తర్వాత ఏ టాక్సిడర్మిస్టూ (తోలుతో జంతువు బొమ్మ చేసేటోడు) బాగుచేయలేడు. పుర్రెను ఉడకబెట్టి, మెదడు, మాంసం పూర్తిగ తీసి ఆరబెట్టాలి. రక్తం మరక, నెత్తురు వాసన ఉంటే అమెరికా వ్యవసాయ శాఖ తనిఖీల నిలబడదు. అక్కడి ఎక్స్‌పోర్టర్ మందుల ముంచి, పురుగు చంపి, పశువైద్య సర్టిఫికెట్, ఎగుమతి పర్మిట్ తీసి, చెక్క పెట్టెల ప్యాక్ చేస్తడు. వార్ట్‌హాగ్ పంది జాతి, ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ భయంతో దాని నిబంధనలు ఇంకా కఠినం. శుద్ధి చేయని సరుకైతే ఆమోదం ఉన్న టాక్సిడర్మిస్టు దగ్గరికే పోవాలి, ఆ పేరు వేట మొదలుకాకముందే రాసివ్వాలి.

సైటిస్ ఎగుమతి పర్మిట్ 6 నెలలే చెల్లుతది, దిగుమతి పర్మిట్ 12 నెలలు. సరుకు ఓడెక్కే లోపు పర్మిట్ మురిగిపోవడం మామూలు సంగతి. ఇంకోటి, దేశం దాటేటప్పుడు అక్కడి అధికారి పర్మిట్ కింది గడిల పరిమాణం రాసి ముద్ర వేయాలి. ఆ ముద్ర లేకుంటే ఒరిజినల్ పర్మిట్ ఉన్నా పనికిరాదు. పెట్టె సీలు వేసే ముందు ఎక్స్‌పోర్టర్‌ను ఫొటో పంపమనండి. హ్యూస్టన్‌ల దిగినంక 3-177 ఫారం (వన్యప్రాణి సరుకు డిక్లరేషన్) అమెరికా వన్యప్రాణి శాఖకు ఇవ్వాలి. హ్యూస్టన్, డాలస్ రెండూ దీనికి నిర్దేశించిన రేవులే.

ఖర్చుల అసలు బరువు విమాన కార్గోది. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లల్ల గుణించి 6,000తో భాగిస్తే వచ్చే కిలోలకు చార్జి పడుతది, తూకం అంతకన్న తక్కువున్నా సరే. 120×100×100 పెట్టె తూకానికి 60 కిలోలున్నా 200 కిలోలకు కట్టాలి. కుడూ కొమ్ముల తొడుగులను లోపలి ఎముక నుంచి ఊడదీసి, పుర్రె పక్కన పడుకోబెట్టి 100×60×50 పెట్టెల సర్దితే 50 కిలోలే. అందుకే అక్కడ మౌంట్ చేయించొద్దు, ఉప్పు తోలు, కొమ్ములు తెచ్చుకుని హ్యూస్టన్‌లనే చేయించుకోవాలి. ఒక కుడూ షోల్డర్ మౌంట్‌కు ఇక్కడ వెయ్యి డాలర్ల పైమాటే. బ్రోకర్ ఫీజు, ముంచుడు, ప్యాకింగ్ విడిగ.

జడ్చర్ల వాసి

చాలా స్పష్టంగ చెప్పిన్రు, ధన్యవాదాలు. జింక మాట ఇగ ఎత్తం. కుడూ షెడ్యూళ్లల్ల లేదు, సైటిస్‌ల లేదు అంటున్నరు గద. బావ వచ్చేటప్పుడు కొమ్ముల జత సూట్‌కేసుల పెట్టుకుని, అడిగితే చెప్తే సరిపోతదా?

శంషాబాద్ కార్గో

అడిగితే చెప్పుడు కాదు, అడగకముందే రెడ్ చానెల్‌ల (కస్టమ్స్‌కు సామాను చెప్పే దారి) పోయి రాసివ్వాలి. కస్టమ్స్ చట్టం 77వ సెక్షన్ కింద నిజమైన డిక్లరేషన్ ఇచ్చినోళ్లకే 80వ సెక్షన్ వర్తిస్తది. ఆఫీసర్ వద్దంటే, ఆ వస్తువును వాళ్ల దగ్గర ఆపి పెట్టుమని, తిరుగు ప్రయాణంల తీసుకపోతనని కోరవచ్చు. రసీదు తప్పక తీసుకోవాలి. గ్రీన్ చానెల్‌ల పోయి దొరికితే ఈ దారి మూసుకపోతది, 111వ సెక్షన్ కింద జప్తు, పైన పెనాల్టీ.

కుడూ కొమ్మును చూసి జాతి చెప్పే మనిషి కౌంటర్ల ఉండకపోవచ్చు. శాస్త్రీయ నామం రాసిన పశువైద్య సర్టిఫికెట్, నమీబియా ఎగుమతి పర్మిట్, అమెరికా 3-177 కాపీ మూడూ లేకుంట బయలుదేరొద్దు. అవి ఉన్నా లోపలికి రానిస్తరని హామీ లేదు. ముందుగ డీజీఎఫ్‌టీకి (కేంద్ర విదేశీ వ్యాపార డైరెక్టరేట్), వన్యప్రాణి బ్యూరో చెన్నై ఆఫీసుకు జాతి పేరుతో ఉత్తరం రాసి, లిఖిత జవాబు చేతికి వచ్చినంకనే టికెట్ సామాన్ల లెక్క వేసుకోండి. నోటి మాట మీద పోవద్దు.

గడీ మనిషి

దీనికి దగ్గరిదే, ఒక చిన్న ప్రశ్న. దేవరకొండ దిక్కు మా తాత గడీల పాత దుప్పి కొమ్ములు, చిరుత తోలు ఉన్నయి. యాజమాన్య సర్టిఫికెట్ తాత పేరు మీద ఉంది. ఆయన పోయి నెల అయింది.

హ్యూస్టన్ నల్లగొండ

వారసత్వంగ వచ్చిన 90 రోజుల లోపు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు డిక్లరేషన్ ఇవ్వాలి, వన్యప్రాణి చట్టం 40వ సెక్షన్ 2బి ఉపవిభాగం. మీకు ఇంక రెండు నెలలే ఉంది, వెంటనే హైదరాబాద్ అరణ్య భవన్‌ల ఇచ్చి రసీదు తీసుకోండి. అసలు సర్టిఫికెట్, మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం, ఒక్కో వస్తువు కొలతలతో ఫొటోలు జత చేయండి. 2003ల ఒకసారి 180 రోజుల గడువిచ్చి సర్టిఫికెట్ లేనివాళ్లను కూడా చెప్పుకోనిచ్చిన్రు, ఇప్పుడు ఆ అవకాశం లేదు, కాబట్టి తాత కాగితం పోగొట్టుకోవద్దు. అమ్మడానికి మాత్రం వీల్లేదు. సర్టిఫికెట్ చేతికొచ్చినంక ఉంచుకోవద్దనుకుంటే, అదే చట్టం 42ఏ సెక్షన్ కింద 7 పని దినాల ముందు నోటీసు ఇచ్చి అప్పగించవచ్చు, పరిహారం ఏమీ రాదు.

శంషాబాద్ కార్గో

జడ్చర్ల అన్నా, గోడ ఖాళీగ ఉంటదని బాధపడొద్దు. రెసిన్‌తో పోతపోసిన కుడూ తలలు అమెరికాల దొరుకుతయి, వాటికి వెంట్రుక గాని అసలు కొమ్ము గాని లేకుంట చూసుకోండి. జంతు పదార్థం లేదని రాసిన ఇన్వాయిస్ పెట్టుకుంటే అది మామూలు అలంకరణ సామాను, సుంకం ఉంటే కట్టి తెచ్చుకోవచ్చు. జింకదైతే రెసిన్‌ది కూడా ఎక్స్‌రేల అనుమానం తెస్తది, ఆ బొమ్మను చెక్-ఇన్ సంచిల కాకుండ చేతి సంచిల పెట్టుకుని ఇన్వాయిస్‌తో సహా చూపించమనండి.