గొంతు అరువు తెచ్చుకుని ఎంతకాలం నటించవచ్చు?

ప్రశ్న: బరంపురం మేనత్త

ఇంట్లో మేము మాట్లాడుకునేది తెలుగే అయినా, మా అన్నయ్య కూతురు పదో తరగతి దాకా ఒడియా మాధ్యమంలోనే చదువుకుంది. కళాశాల నాటకాలలో మంచి పేరు తెచ్చుకున్న ఆ అమ్మాయిని గత నెలలో హైదరాబాదులో ఒక తెలుగు సీరియల్‌కు నటులను ఎంపిక చేస్తున్న చోటికి తీసుకువెళ్లాను. ముఖం, నటన బాగున్నాయని ఒప్పుకున్నవారే నాలుగు వాక్యాలు చదివించి, "ఒడియా వాసన కొడుతోంది. డబ్బింగ్ వేరొకరిచేత చెప్పిస్తాము, పారితోషికం మాత్రం తగ్గుతుంది" అన్నారు. తిరుగు ప్రయాణంలో రైలు పలాస దాటేదాకా పిల్ల నోరు విప్పలేదు. తెలుగు ఒక్క ముక్క రాకుండా వచ్చినవారు ఏళ్ల తరబడి కథానాయికలుగా వెలిగిన చోట, ఇంట్లో తెలుగు మాట్లాడే మా పిల్లకు యాస అడ్డు రావడమేమిటి? ఈ అవకాశానికి ఒప్పుకోమంటారా, ఉచ్చారణ దిద్దుకునేదాకా ఆగమంటారా?

జవాబు: పర్లాకిమిడి పంతులు

అమ్మా, వారు అన్న తీరు బాగాలేదు గాని, అన్న మాటలో కొంత నిజముంది. ఒడియా పలుకుబడిలో హ్రస్వదీర్ఘాల తేడా నిలవదు, అకారం ఒకారం వైపు జారుతుంది. నా దగ్గర చదువుకున్న పిల్లలు "ఊరు వెళ్లాను" అంటే "ఉరు" అని వినిపించేది. ఇది రోజూ గంటసేపు పైకి చదివితే నెలల్లో సర్దుకునే లోపమే.

ఆగమనే నేను చెబుతాను. కథానాయిక వేషాలు ఎన్నేళ్లు వస్తాయో ఎవరూ చెప్పలేరు గాని, గొంతు ఆ తరువాత కూడా అన్నం పెడుతుంది. 1967 నాటి 'భక్త ప్రహ్లాద'లో బాలనటిగా కనిపించిన రోజారమణి గారు కథానాయికగా నటించాక, ఎందరో నాయికలకు గొంతు అరువిచ్చారు. ఒడియా చిత్రాలలో నటించిన చక్రపాణి గారిని పెళ్లాడారు గనుక, ఒక లెక్కన ఆవిడ మనవైపు కోడలే. 1978లో 'మరో చరిత్ర'తో పరిచయమైన సరిత గారు కూడా తరువాతి రోజులలో విజయశాంతికి, సౌందర్యకు గొంతు ఇచ్చారు. ఆ చిత్రాలు చూసి ఏడ్చినవారిలో ఎంతమందికి ఆ ఏడుపు ఎవరి గొంతులోదో తెలుసు?

జవాబు: రాయగడ శ్రోత

పంతులు గారితో నేను పూర్తిగా ఏకీభవించలేను. తెనాలిలో పుట్టిన శారద గారు మలయాళంలో నటించిన చాలా చిత్రాలలో ఆవిడ పాత్రలకు టి. ఆర్. ఓమన అనే నటి గొంతు ఇచ్చారు. అయినా 'తులాభారం', 'స్వయంవరం' చిత్రాలకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం శారద గారికే వచ్చింది, మూడోసారి తెలుగు 'నిమజ్జనం'కు వచ్చింది. అరువు గొంతు నటనను చంపేస్తుందంటే ఈ పురస్కారాలకు అర్థమేమిటి? వచ్చిన వేషం వదులుకోవద్దు. కెమెరా ముందు నిలబడటం ఇంట్లో కూర్చుంటే అబ్బదు.

జవాబు: జయపురం కోడలు

శారద గారికి భాషే పరాయిది. మన అమ్మాయికి భాష సొంతమే, పలుకుబడి మాత్రమే పక్కకు పోయింది, కనుక ఆ పోలిక ఇక్కడ అతకదు. దగ్గరి ఉదాహరణ కావాలంటే 2017లో వచ్చిన 'ఫిదా' చూడండి. తమిళనాడు నుంచి వచ్చిన సాయి పల్లవి తెలంగాణ యాస నేర్చుకుని సొంత గొంతుతోనే పలికారు, ప్రేక్షకులు ఆవిడను గుర్తుపెట్టుకున్నదే ఆ మాటలతో. భువనేశ్వర్ వెళ్లమని సలహా ఇచ్చేవారూ ఉంటారు. అక్కడ మన పిల్లల ఒడియాలో తెలుగు వాసన వస్తోందంటారు, అది నేను పడ్డదే!

వేషం ఒప్పుకోండి గాని, ఆరు నెలల తరువాత మళ్లీ గొంతు పరీక్ష చేసి, బాగుంటే సొంత గొంతే వాడాలనీ, అప్పుడు పారితోషికం పెంచాలనీ ఒప్పందంలో రాయించండి. నోటిమాట మీద సంతకం పెట్టవద్దు.

బరంపురం మేనత్త

అందరికీ కృతజ్ఞతలు. జయపురం కోడలు గారు చెప్పిన షరతు అడిగాము, నాలుగు నెలలకే పరీక్ష పెట్టడానికి ఒప్పుకున్నారు, పారితోషికం సంగతి ఇంకా తేల్చలేదు. పంతులు గారి మాట ప్రకారం అమ్మాయి నిన్న రాత్రి "ఊరు, ఊయల, ఊడలమర్రి" అని ఫోనులో రికార్డు చేసుకుంది. విన్న మా అమ్మ, "ఊయల బాగానే ఊగింది, మర్రి దగ్గర మళ్లీ ఉరే పడింది" అన్నది.