ఎగ్జిమా రేగేది ఇంట్లనే ముందు పట్టుకోవచ్చా? తేమ పెన్ను కొనుడు దండుగేనా?

హన్మకొండ_నాయన: చర్మం తేమ చూపే పెన్ను మీటర్లు ఆన్‌లైన్‌ల దొరుకుతున్నయ్. పిల్లగాని మోచేతి మడతల రోజూ పెట్టి చూస్తే, ఎగ్జిమా (చర్మం పొడిబారి దురద పెట్టే జబ్బు) రేగేది ముందే తెలుస్తదంటున్నరు. నిజమేనా?

మీటర్_మామ: పద్ధతి పాటిస్తే పనికొస్తది. పొద్దుగాల క్రీము రాయకముందు, 20 నిమిషాలు నీడపట్టున కూసోబెట్టి, ఒక్కటే చోట మూడుసార్లు పెట్టి, నడిమి అంకె రాయాలె. పక్కన గది తేమ గూడ రాయాలె. రెండు వారాలు రాస్తే ఆ పిల్లగాని మామూలు అంకె తెలుస్తది. దానికంటె వరుసగ దిగుతుంటే జాగ్రత్తపడాలె.

మందుల_షాపు_కాడ: మామా, చాలా పెన్నులు నీళ్లను నేరుగ కొలువయ్. పైపొరల కరెంటు ఎంత సులువుగ పోతదో చూసి అంకె చెప్తయ్. చెమటల ఉప్పుంటది. మే నెల ఎండల చెమట పడితే అంకె పెరిగి చర్మం మంచిగున్నట్టే కనబడ్తది, గని చెమటకే దురద లేస్తది! కూలర్ పెడితే గది తేమ మారి లెక్క ఇంకో తీరు. అసలు చూడాల్సింది చర్మంలకెళ్లి ఆవిరై పోయే నీళ్లు. గంటకు చదరపు మీటరుకు ఎన్ని గ్రాములని లెక్క. దాన్ని కొలిచే పరికరాల్ల కొన్నింటికి ఫ్యాను గాలి తగిలినా అంకె చెడుతది.

మీటర్_మామ: ఎండకాలం మాట ఒప్పుకుంట. డిసెంబర్, జనవరి పొడి చలిల మాత్రం పెన్ను దండుగ అనను.

కాజీపేట_నర్సు: పోయెమ్ స్కోర్, అంటే ఎగ్జిమా ఎంత తీవ్రంగున్నదో ప్రశ్నలతోని తేల్చే లెక్క, పైసా ఖర్చు లేనిది. దురద, నిద్ర చెడుడు, రక్తం, రసి, పగుళ్లు, పొట్టు, పొడిబారుడు: పోయిన వారంల ఒక్కోటి ఎన్ని రోజులున్నదో చూసి 0 నుంచి 4 వేయాలె. మొత్తం 28. 8 నుంచి 16 మధ్యరకం, 17, ఆపైన తీవ్రం. అయితే అది జరిగిపోయిన వారం లెక్క, జోస్యం గాదు.

నన్నడిగితే, మాటిమాటికి రేగేటోళ్లకు జోస్యంతోని పనే తక్కువ. రేగింది తగ్గినంక గూడ పాత మచ్చల చోట వారానికి రెండుసార్లు స్టెరాయిడ్ క్రీమో టాక్రోలిమసో (స్టెరాయిడ్ కాని పూత మందు) రాయమని డాక్టర్లు చెప్తరు. చర్మం నున్నగ కనబడ్డా సరే. కొలత: పెద్దోళ్ల చూపుడు వేలికొన నుంచి మొదటి మడత దాక గీతలెక్క పిండిన క్రీము, అంటే సుమారు 0.5 గ్రాము, వేళ్లతో సహా పెద్దోళ్ల రెండు అరచేతులంత జాగకు సరిపోతది. ఎప్పుడో ఒకసారి రేగేటోళ్లకే ముందస్తు గుర్తు అక్కరకొస్తది.

హన్మకొండ_నాయన: మరి పెన్ను నమ్మొచ్చో లేదో ఎట్ల తేల్చుకోవాలె?

మందుల_షాపు_కాడ: అంకె దిగిన రోజే క్యాలెండర్ మీద "రేగుతది" అని రాయున్రి, తర్వాత కాదు. ఎనిమిది వారాలైనంక నిజమైనయి, ఉత్తయి, చెప్పకుండ రేగినయి వేర్వేరు లెక్కబెట్టున్రి. ఉత్తయే ఎక్కువుంటే ఆ పైసలు మాయిశ్చరైజర్‌కు పెట్టున్రి.

కాజీపేట_నర్సు: పసుప్పచ్చ పెచ్చు కడితే, లేకుంటె నొప్పితోని గుత్తులుగ పొక్కులు లేసి జ్వరమొస్తే మీటర్ పక్కన పడేసి అదే రోజు దవాఖానకు పోవాలె.