ఒకే రంగు విమానం, రెండు రకాల జీతాలు: అమెరికా రీజనల్ పైలట్ల వేతన వివాదాలు ఎందుకు తెగవు?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా తమ్ముడి కొడుకు అమెరికాలో పైలట్ శిక్షణ పూర్తి చేసి, ఇప్పుడు ఇన్‌స్ట్రక్టరుగా పనిచేస్తూ విమానం నడిపిన గంటలు పోగు చేసుకుంటున్నాడు. అవి నిండగానే ఏదైనా రీజనల్ ఎయిర్‌లైన్‌లో ఫస్ట్ ఆఫీసరుగా, అంటే కో-పైలట్‌గా, చేరాలని వాడి ఆలోచన. వాడి కోసం ఆ సంస్థల గురించి చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ ఒక విషయం మాత్రం అంతుపట్టకుండా మిగిలిపోయింది.

టికెట్ మీద డెల్టా, యునైటెడ్, అమెరికన్ అనే పేర్లే కనిపిస్తాయి, విమానానికి ఉండే రంగులూ వాళ్లవే. నడిపేది మాత్రం స్కైవెస్ట్, రిపబ్లిక్, ఎండీవర్, ఎన్వాయ్, పీఎస్ఏ వంటి వేరే సంస్థ. అదే వాతావరణంలో, అదే విమానాశ్రయంలో, అదే నిబంధనల కింద దిగే ఇద్దరు కెప్టెన్ల జీతాల మధ్య ఏళ్ల తరబడి అంత తేడా ఎలా నిలిచింది? 2001లో డెల్టాకు చెందిన రీజనల్ సంస్థ కామ్‌ఎయిర్ పైలట్లు 89 రోజులు సమ్మె చేసి మెరుగైన ఒప్పందం సాధించుకున్నారని, 2012 సెప్టెంబరులో ఆ సంస్థే మూతపడిందని చదివాను. ఈ రెండింటికీ సంబంధం ఉందా? జీతం పెంచమని అడిగితే విమానాలు వేరే సంస్థకు వెళ్లిపోతాయన్న మాటకు నిజంగా ఆధారం ఉందా, లేక అది యాజమాన్యాలు బేరంలో వాడుకునే బెదిరింపేనా? ఈ రంగం తెలిసినవారు కొంచెం వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం 1

ఒక రీజనల్ సంస్థలో కాంట్రాక్టు ఖర్చుల లెక్కలు వేసే విభాగంలో కొన్నేళ్లు పనిచేశాను. అక్కడ చూసినదాన్ని బట్టి చెబుతున్నాను.

రీజనల్ సంస్థల్లో ఎక్కువ భాగం ప్రయాణికులకు టికెట్లు అమ్మవు. అవి అమ్మేది విమానాన్ని నడిపే సేవను, కొనేది పెద్ద సంస్థ. కెపాసిటీ పర్చేజ్ ఒప్పందం అని పిలిచే ఈ ఏర్పాటులో టికెట్ ధర, రూటు, వేళలు అన్నీ పెద్ద సంస్థే నిర్ణయిస్తుంది. రీజనల్ సంస్థకు బయలుదేరిన ప్రతి విమానానికి ఇంత, ఎగిరిన ప్రతి గంటకు ఇంత అని ముందే కుదిరిన రేటు ముడుతుంది. ఇంధనం ఖర్చును సాధారణంగా పెద్ద సంస్థే భరిస్తుంది, చాలా చోట్ల విమానాలు కూడా దానివే. ఇక రీజనల్ యాజమాన్యం తన తెలివితో తగ్గించగలిగే ఖర్చుగా ఏం మిగిలిందో చూడండి: సిబ్బంది జీతాలు, మరమ్మతులు, కార్యాలయ నిర్వహణ. ఒప్పందం గడువు ముగిసి మళ్లీ రేట్లు పిలిచినప్పుడు పోటీ అంతా ఆ కొంచెం చోటులోనే జరుగుతుంది. అందులోనూ జీతాల మీదే చూపు ముందు పడుతుంది.

దీనికి సీనియారిటీ పద్ధతి తోడవుతుంది. పైలట్ జీతం అతడు ఆ ఒక్క సంస్థలో ఎన్నేళ్లు పనిచేశాడన్నదాన్ని బట్టి ఏటా పెరుగుతుంది. వేరే సంస్థకు మారితే పదిహేనేళ్ల అనుభవం ఉన్న కెప్టెన్ కూడా సాధారణంగా జాబితాలో అట్టడుగున, మొదటి ఏడాది జీతంతో మొదలుపెట్టాలి. అందువల్ల పైలట్లు ఎక్కువకాలం నిలిచిపోయిన సంస్థ, ఎవరూ ఏ తప్పూ చేయకపోయినా, ఏటికేడూ ఖరీదైనదిగా మారుతుంది. కొత్తగా పుట్టిన సంస్థలో అందరూ ఒకటి రెండేళ్ల జీతం మీదే ఉంటారు కాబట్టి అది చవకగా కనిపిస్తుంది. పెద్ద సంస్థ పాతదాన్నుంచి కొత్తదానికి విమానాలు తరలిస్తే, పాత సంస్థ ముందుగా తన జూనియర్లను ఇంటికి పంపుతుంది. మిగిలినవారంతా సీనియర్లే కావడంతో దాని సగటు ఖర్చు ఇంకా పెరుగుతుంది, తర్వాతి టెండరులో అది ఇంకా వెనకబడుతుంది. నేను పట్టికల్లో పదేపదే చూసిన వలయం ఇదే. ఆ అంకెల్లో ఒక్కో గడి వెనుక ఒక కుటుంబం ఉందన్న సంగతి తెలిసీ వాటిని నింపడం నాకు ఏనాడూ తేలికగా అనిపించలేదు.

కాబట్టి విమానాలు వెళ్లిపోతాయన్న మాట ఉత్త బెదిరింపు కాదు. 2014 మార్చిలో ఎన్వాయ్ యాజమాన్యం జీతాల్లో రాయితీలు, అంటే పైలట్లు కొంత వదులుకోవాలని, కోరిన ఒప్పందాన్ని పైలట్లు ఓటు వేసి తిరస్కరించారు. ఎన్వాయ్ సొంతదారు అయిన అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థే కొత్త పెద్ద రీజనల్ జెట్లను వేరే సంస్థలకు ఇస్తామని తేల్చిచెప్పింది. అంతకు కొద్దికాలం ముందే పీఎస్ఏ పైలట్లు రాయితీలకు ఒప్పుకొని కొత్త సీఆర్‌జే-900 విమానాలు పొందారు. తర్వాత ఎన్వాయ్ పైలట్లు కూడా మరో ఒప్పందానికి అంగీకరించి ఇ-175 జెట్లు తెచ్చుకున్నారు. ఈ రెండు సంస్థలకూ యజమాని ఒక్కరే, రెండు చోట్లా పైలట్లకు ప్రాతినిధ్యం వహించేది ఆల్పా యూనియనే. అయినా ఒక చోటి పైలట్లు వద్దన్న షరతును ఇంకోచోటివాళ్ల ముందు పెట్టగలిగారు.

సమాధానం 2

పై సమాధానంలోని లెక్కలతో నాకు పేచీ లేదు. నేను 2000ల ఆరంభంలో ఒక రీజనల్ సంస్థలో ఫస్ట్ ఆఫీసరుగా చేరినవాణ్ని. ఆ లెక్కలకు రెండో వైపున బతికాను కాబట్టి కొన్ని విషయాలు చేర్చాలి.

అప్పట్లో మొదటి ఏడాది గంటకు 20 డాలర్ల ప్రాంతంలో ఇచ్చేవారు. వినడానికి పరవాలేదనిపిస్తుంది. కాని ఆ గంట బ్లాక్ గంట, అంటే గేటు దగ్గర విమానం కదిలినప్పటి నుంచి మళ్లీ గేటు దగ్గర ఆగేవరకు లెక్కించేది. విమానాన్ని చుట్టి చూసుకోవడం, వాతావరణ నివేదికలు చదవడం, రెండు విమానాల మధ్య మూడు గంటలు కాచుకుని కూర్చోవడం ఇవేవీ అందులోకి రావు. నెలకు 75 గంటల కనీస హామీతో చూస్తే ఏడాదికి 900 గంటలు, వెరసి 18,000 డాలర్లు. పైలట్ శిక్షణ కోసం చేసిన అప్పు మీద వాయిదాలు కట్టుకుంటూ అంతటితోనే బతకాలి.

కామ్‌ఎయిర్ విషయంలో సమ్మె చేశారు కాబట్టి మూతపడింది అని ఒక్క గీత గీయడం వాళ్లకు అన్యాయం చేయడమే. 2001 మార్చి 26న మొదలైన ఆ సమ్మె సంస్థను పూర్తిగా ఆపేసింది, ఒప్పందమూ తెచ్చింది. ఆ తర్వాత పదకొండేళ్లలో ఎన్ని జరిగాయో చూడండి: ఆ ఏడాదే సెప్టెంబరు దాడులు, 2005 సెప్టెంబరులో డెల్టాతో పాటు కామ్‌ఎయిర్ కూడా దివాలా రక్షణ కోరడం, ఇంధనం ధరలు పెరిగి 50 సీట్ల జెట్లు గిట్టుబాటు కాకపోవడం. డెల్టా ఆ చిన్న జెట్లనే వదిలించుకోవాలనుకుంది, కామ్‌ఎయిర్ దగ్గర ఉన్నవి ఎక్కువగా అవే. ఖర్చు ఎక్కువన్నది మూసివేతకు చెప్పిన కారణాల్లో ఒకటే గాని, సమ్మె చేయకపోయి ఉంటే ఆ సంస్థ ఈనాటికీ ఎగురుతూ ఉండేదని నేను నమ్మను. తక్కువ జీతాలకు సర్దుకున్న సంస్థలూ దివాలా తీశాయి, కొన్ని మూతపడ్డాయి. మీసా 2010 జనవరిలో, పినాకిల్ 2012 ఏప్రిల్‌లో దివాలా కోర్టుకు వెళ్లాయి. 2020లో ట్రాన్స్ స్టేట్స్, కంపాస్ ఒకే నెలలో ఆగిపోయాయి. ఎక్స్‌ప్రెస్‌జెట్, కమ్యూట్‌ఎయిర్ రెండూ యునైటెడ్ కోసం ఒకే రకం ఇఆర్‌జే-145 జెట్లు నడిపేవి. 2020 జూలైలో యునైటెడ్ ఆ పనంతా కమ్యూట్‌ఎయిర్‌కు అప్పగించింది, సెప్టెంబరు ఆఖరుకు ఎక్స్‌ప్రెస్‌జెట్ ఆగింది. తలవంచినా భద్రత దొరకనప్పుడు తలవంచమని ఎవరికి చెప్పగలం?

సమ్మె ఎందుకు అంత అరుదో కూడా చెప్పాలి. అమెరికాలో ఎయిర్‌లైన్ కార్మికులకు 1926 నాటి రైల్వే లేబర్ చట్టం వర్తిస్తుంది, 1936లో విమానయానాన్ని దాని కిందికి తెచ్చారు. ఆ చట్టం ప్రకారం ఒప్పందానికి కాలం తీరడమంటూ ఉండదు, సవరించుకునే తేదీ మాత్రం వస్తుంది. ఆ తేదీ దాటి ఏళ్లు గడిచినా పాత జీతాలే నడుస్తాయి. నేషనల్ మీడియేషన్ బోర్డు మధ్యవర్తిత్వం ఇక ఫలించదని తేల్చి, రెండు పక్షాలను విడిచిపెట్టి, ఆపై 30 రోజుల విరామం గడిచిన తర్వాతే సమ్మెకు దారి తెరుచుకుంటుంది. ఆ బోర్డు ఎప్పుడు విడిచిపెడుతుందో ఎవరి చేతుల్లోనూ ఉండదు. ఆలస్యం జరిగే ప్రతి నెలా యాజమాన్యానికి మిగులే.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. వలయం అర్థమైంది, సమ్మె గురించి నా తొందరపాటు ఊహను కూడా సవరించుకున్నాను. కాని ఇంకో సందేహం వచ్చింది. మా అబ్బాయి చూపించిన ప్రకటనల్లో మొదటి ఏడాదికే గంటకు 90 డాలర్లు, అంతకన్నా ఎక్కువ కూడా కనిపిస్తున్నాయి. వలయం అంత బలమైనదైతే జీతాలు ఇంతగా ఎలా పెరిగాయి? 1,500 గంటల నిబంధన వల్లనే అంటున్నారు, అది నిజమేనా?

సమాధానం 3

నిబంధన ఒక కారణం. ఇంకో కారణం కూడా దానితో కలిసింది.

2009 ఫిబ్రవరి 12 రాత్రి కాంటినెంటల్ పేరుతో కోల్గన్ ఎయిర్ నడిపిన 3407 విమానం బఫలో దగ్గర కూలి, విమానంలోని 49 మంది, నేలమీద ఒకరు మరణించారు. వేగం పడిపోయి విమానం గాలిలో నిలవలేని స్థితికి చేరుతోందని చెప్పే స్టాల్ హెచ్చరికకు కెప్టెన్ తప్పుగా స్పందించడమే ప్రధాన కారణమని దర్యాప్తు తేల్చింది. అయితే ఆ విచారణలో దేశం ముందుకు వచ్చిన మరో సంగతి జనాన్ని కలచివేసింది: ఫస్ట్ ఆఫీసరు జీతం ఏడాదికి 25,000 డాలర్ల లోపే, ఆమె డ్యూటీకి రావడానికి ముందురోజు రాత్రంతా సియాటిల్ నుంచి ప్రయాణించి న్యూఆర్క్ చేరారు. డ్యూటీ స్థలం దగ్గర ఇల్లు అద్దెకు తీసుకోలేని జీతానికీ, కాక్‌పిట్‌లో కూర్చున్నవారి అలసటకూ ఉన్న సంబంధాన్ని అంతకుముందు అంత బహిరంగంగా ఎవరూ మాట్లాడలేదు. మృతుల కుటుంబాలు పట్టుబట్టి పోరాడాయి. 2010లో చట్టం వచ్చింది, 2013లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ తుది నియమం జారీ చేసింది. అంతకుముందు 250 గంటల కమర్షియల్ లైసెన్సుతో ఫస్ట్ ఆఫీసరు కాగలిగేవారు. ఇప్పుడు 1,500 గంటలు కావాలి, విమానయాన డిగ్రీ ఉంటే 1,000, సైన్యంలో ఎగిరినవారికి 750. విశ్రాంతి నియమాలు కూడా 2014 జనవరి నుంచి కఠినమయ్యాయి.

ఆ ప్రమాదంలోని పైలట్లిద్దరికీ 1,500 కన్నా ఎక్కువ గంటలే ఉన్నాయని ఈ నిబంధనను విమర్శించేవారు గుర్తుచేస్తారు, అది నిజం. అయినా జీతాల మీద నిబంధన ప్రభావం మాత్రం కాదనలేనిది, ఎందుకంటే చవకగా దొరికే కొత్తవారి వరుస ఒక్కసారిగా చిన్నదైపోయింది. రిపబ్లిక్ 2016 ఫిబ్రవరిలో దివాలా రక్షణ కోరినప్పుడు, గ్రేట్ లేక్స్ 2018 మార్చిలో విమానాలు ఆపేసినప్పుడు పైలట్ల కొరతనే కారణంగా చెప్పాయి. ఆ దశలో కూడా యాజమాన్యాలు గంట రేటు పెంచకుండా చేరినందుకు బోనసులు ఇచ్చాయి. బోనసు ఒకసారి ఇచ్చి ఊరుకోవచ్చు, రేటు పెంచితే అది జాబితా పొడవునా శాశ్వత ఖర్చు అవుతుంది.

అసలు మలుపు కోవిడ్ తర్వాత వచ్చింది. 2020లో పెద్ద సంస్థలు సీనియర్లను ముందస్తు పదవీ విరమణ పథకాలతో పంపేశాయి, ఏడాదిలోనే ప్రయాణికులు తిరిగి వచ్చారు, అవి రీజనల్ సంస్థల కెప్టెన్లను వేగంగా లాగేసుకున్నాయి. 2022 జూన్‌లో అమెరికన్ తన సొంత సంస్థలైన పీడ్‌మాంట్, ఎన్వాయ్, పీఎస్ఏలలో మొదటి ఏడాది ఫస్ట్ ఆఫీసరుకు గంటకు 90 డాలర్లు, కెప్టెన్‌కు 146 డాలర్లు ఇస్తామంది. ఆ మొత్తంలో కొంత భాగం 2024 ఆగస్టు వరకే ఉండే తాత్కాలిక ప్రీమియంగా మొదలైంది. రెండు నెలల్లో మీసా 100 డాలర్లు ప్రకటించింది. పాత 75 గంటల లెక్కనే వేస్తే 90 డాలర్లకు ఏడాదికి 81,000. ఏళ్ల తరబడి బేరసారాల్లో కదలని అంకె ఒక వేసవిలో కదిలిందంటే, చేతిలో పైలట్ లేకపోతే కాంట్రాక్టు ఎంత చవకైనా ఒక్క విమానమూ కదలదని పెద్ద సంస్థలకు స్పష్టంగా తెలిసొచ్చింది కాబట్టే.

అయితే వలయం పోలేదు. 2022 మార్చిలో స్కైవెస్ట్ కేంద్రప్రభుత్వ సాయంతో నడిచే 29 చిన్న పట్టణాల సర్వీసులు వదులుకుంటామని నోటీసు ఇచ్చింది, తర్వాత 30 సీట్ల చార్టర్ సంస్థ కోసం అనుమతి కోరింది. చార్టర్ నియమాల కింద ఫస్ట్ ఆఫీసరుకు 1,500 గంటలు అక్కర్లేదు. ఆల్పా దీన్ని గట్టిగా వ్యతిరేకించింది. నా ఉద్దేశంలో ఆ వ్యతిరేకత సరైనదే. చిన్న పట్టణాల అవసరం నిజమైనదే అయినా, ఆ లోటును పైలట్ అర్హత తగ్గించి పూడ్చుకోవడం నాకు సమ్మతం కాదు.

సమాధానం 1 రాసినవారు

మీ అబ్బాయి విషయంలో ఒక్క సలహా. ప్రకటనలోని గంట రేటు కన్నా ముందు, ఆ సంస్థ ఎవరి కోసం ఎగురుతోంది, ఆ ఒప్పందం ఏ ఏడాది ముగుస్తుంది, చేతిలో ఉన్నవి 50 సీట్ల పాత జెట్లా లేక 76 సీట్లవా అన్నది చూడమనండి. పెద్ద సంస్థల పైలట్ల ఒప్పందాల్లోని స్కోప్ నిబంధన రీజనల్ విమానాన్ని 76 సీట్ల దగ్గరే ఆపుతుంది కాబట్టి, ఆ పరిమితికి దగ్గరగా ఉన్న ఇ-175 వంటి విమానాలకే ఎక్కువకాలం పని ఉంటుంది. స్కైవెస్ట్ వంటి షేర్ మార్కెట్‌లో నమోదైన సంస్థ అయితే ఒప్పందాల గడువులు వార్షిక నివేదికలోనే ఉంటాయి. ఎన్వాయ్, పీఎస్ఏ, పీడ్‌మాంట్‌లలోలాగా సీనియారిటీ ప్రకారం అమెరికన్‌లోకి వెళ్లే దారి ఉంటే దాని షరతులు రాతపూర్వకంగా చదవమనండి, ఇటీవల నెలకు ఎందరు ఆ దారిన వెళ్లారో అక్కడి పైలట్లనే అడగమనండి. చేరినందుకు ఇచ్చే బోనసుకు ఎన్నేళ్లు కట్టుబడాలో, మధ్యలో పెద్ద సంస్థ పిలిస్తే ఎంత తిరిగి కట్టాలో కూడా సంతకానికి ముందే తేల్చుకోవాలి.