లోతుగా పడి భుజం దాకా లేచే బంతి: వెనక్కి తగ్గాలా, ముందుకు వెళ్లాలా?

ఒంటిచేతివాటం:
మా టెన్నిస్ క్లబ్బులో ఎడమచేతి ఆటగాడు ఒకాయన ఉన్నారు. ర్యాలీ మొదలైతే చాలు, బంతిని నెట్‌కు బాగా ఎత్తున, టాప్‌స్పిన్‌తో (ముందుకు గిరగిరా తిరిగేలా) నా బ్యాక్‌హ్యాండ్ మూలకే, అంటే ఎడమ వైపుకే పంపుతారు. అది బేస్‌లైన్‌కు (కోర్టు చివరి గీతకు) జానెడు ఇవతల పడి భుజం మీదికి లేస్తుంది. నాది ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్. వెనక్కి వెళ్లి, బంతి నడుము ఎత్తుకు దిగాక కొట్టమంటారు మా కోచ్. డబుల్స్‌లో నాతో ఆడే మిత్రుడేమో లేస్తుండగానే కొట్టాలంటాడు. ఎవరి మాట వినాలి?

బేస్‌లైన్‌బాబాయి:
మీ మిత్రుడి మాటే. నాదల్ ఎడమచేతి ఫోర్‌హ్యాండ్ ఫెదరర్ బ్యాక్‌హ్యాండ్‌ను ఏళ్ల తరబడి ఇలాగే ఏడిపించింది. 2008 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్ స్కోరు 6-1, 6-3, 6-0. అదే ఫెదరర్ 2017 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్లో బేస్‌లైన్‌ను అంటిపెట్టుకుని నిలబడ్డాడు. స్లైస్ (బంతిని కోసినట్టు కొట్టి వెనక్కి తిరిగేలా పంపే షాట్) తగ్గించి, బంతి లేస్తుండగానే బ్యాక్‌హ్యాండ్‌తో బలంగా కొట్టాడు. ఐదో సెట్‌లో 1-3తో వెనకబడి కూడా వరుసగా ఐదు గేములు గెలిచాడు. మీరు వెనక్కి జరిగినకొద్దీ ఎదుటివారికి కోర్టు పెద్దదవుతుంది. నెట్ దాటగానే పడేలా ఒక డ్రాప్ షాట్ వేస్తే మీ పని అయిపోయినట్టే.

ఎర్రమట్టి:
2017 కథను ఎప్పుడూ సగమే చెబుతారు బాబాయి గారూ. అది హార్డ్ కోర్టు, అంటే గట్టి నేల. బంతి ఎంత లేస్తుందో నమ్మకంగా లెక్కకట్టవచ్చు. పైగా ఫెదరర్ 2014లోనే తల వైశాల్యం 90 చదరపు అంగుళాలుండే రాకెట్‌ను వదిలి 97కు మారాడు. అదే పెద్ద రాకెట్‌తో, మట్టి కోర్టుల మీద జరిగే ఫ్రెంచ్ ఓపెన్‌లో 2019 సెమీఫైనల్ ఆడితే ఏమైంది? 6-3, 6-4, 6-2తో నాదల్ గెలిచాడు. ఆస్ట్రియా ఆటగాడు థీమ్‌ది కూడా ఒంటిచేతి బ్యాక్‌హ్యాండే. బేస్‌లైన్‌కు చాలా వెనక నిలబడి ఆడేవాడు. మట్టి మీద నాదల్‌ను 2017లో రోమ్‌లో, 2018లో మాడ్రిడ్‌లో, 2019లో బార్సిలోనాలో ఓడించాడు. వెనక్కి తగ్గడాన్ని పిరికితనంగా చూడకండి.

బేస్‌లైన్‌బాబాయి:
ఆ థీమే 2018, 2019 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్స్‌లో ఓడిపోయాడని కూడా రాయండి మరి.

ఎర్రమట్టి:
అక్కడ నాదల్ చేతిలో ఓడనివారెవరు? ఫ్రెంచ్ ఓపెన్‌లో ఆయనకు 112 విజయాలకు నాలుగే ఓటములు. మొదటి దెబ్బ కొట్టిన స్వీడన్ ఆటగాడు సోడర్లింగ్ 193 సెంటీమీటర్ల మనిషి. మన భుజం ఎత్తు బంతి ఆయన ఛాతీ దగ్గరికి వస్తుంది. అక్కడ ఆయన్ను రెండుసార్లు ఓడించిన జొకోవిచ్‌కు రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ ఉంది. ఎత్తు, చేతివాటం చూసి నిర్ణయించాల్సిన విషయం ఇది.

నెట్‌దగ్గర:
ఎత్తే అంతా అయితే జస్టిన్ హెనిన్ సంగతేమిటి? 167 సెంటీమీటర్ల ఎత్తు, ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్, నాలుగు ఫ్రెంచ్ ఓపెన్ టైటిళ్లు.

పాతరాకెట్:
బంతి పడ్డాక ఏం చేయాలన్నదే అందరూ మాట్లాడుతున్నారు. అప్పటికే ఆలస్యం. అది నెట్ దాటేటప్పుడు ఎత్తు చూడాలి. మనిషి ఎత్తుకు పైగా దాటుతుంటే లోతుగా పడుతుందనుకుని వెంటనే కదలాలి. చాలామంది అప్పుడు ఒక్క అడుగు వెనక్కి వేసి ఆగిపోతారు. బంతి సరిగ్గా భుజం దగ్గర దొరుకుతుంది, బరువు మడమల మీద ఉంటుంది. ముందుకైనా వెనక్కైనా పూర్తిగా వెళ్లినవాడికి ఏదో ఒక షాట్ ఉంటుంది. ఈ మధ్యలో నిలబడినవాడికి ఏమీ ఉండదు.

వెనక్కి వెళ్లేవారికి ఇంకో చిక్కుంది, అది ఎవరూ చెప్పలేదు. కుడిచేతి ఆటగాడు బ్యాక్‌హ్యాండ్‌తో క్రాస్‌కోర్టు (ఐమూలగా) కొడితే బంతి నేరుగా ఎడమచేతివాడి ఫోర్‌హ్యాండ్‌కే పోతుంది. ఆయన మళ్లీ అదే బంతి పంపుతారు. ఫెదరర్ ఇరుక్కున్న వల అదే. పక్క గీత వెంట నేరుగా కొడితే ఆయన బ్యాక్‌హ్యాండ్‌కు వెళుతుంది గానీ, అక్కడ దూరం తక్కువ, నెట్ ఎత్తు ఎక్కువ. మధ్యలో 91 సెంటీమీటర్లుండే నెట్ స్తంభాల దగ్గర 107 ఉంటుంది. అందుకే వెనక నుంచి గీత వెంట వేగంగా కొట్టవద్దు. బాగా ఎత్తుగా, నెమ్మదిగా లేపి పంపండి. మీరు మళ్లీ మధ్యకు చేరడానికి వ్యవధి కూడా దొరుకుతుంది.

ముందుకు వెళ్లేవారు రాకెట్‌ను వెనక్కి ఎక్కువగా లాగకూడదు. మోకాళ్లు వంచి, వచ్చిన వేగాన్నే వాడుకుని కోర్టు మధ్యలోకి లోతుగా తిప్పిపంపితే చాలు.

అయినా క్లబ్బు బంతి నాదల్ బంతి కాదు కదా. ఆయన ఫోర్‌హ్యాండ్ సగటున నిమిషానికి 3,200 చుట్లు తిరిగేదని కొలిచారు. మీ పెద్దమనిషి బంతి గాల్లో తేలుతూ వస్తుంటే కోర్టులోకి వెళ్లి, కింద పడకముందే కొట్టండి. సెట్‌కు మూడు నాలుగుసార్లు అలా చేసినా ఆయన ఎత్తు తగ్గించక తప్పదు.

ఎర్రమట్టి:
గాల్లోనే కొట్టడమా! స్పిన్‌తో దిగే బంతిని అలా అందుకోవడం ఆదివారం ఆటగాళ్ల వల్ల కాదు. సగం నెట్‌లోకి, సగం కంచె మీదికి పోతాయి.

పాతరాకెట్:
మొదటి నెల పోతాయి. భుజం దగ్గర తడబడి పోగొట్టే పాయింట్ల కంటే ఎక్కువ పోవు.

ఒంటిచేతివాటం:
మరి స్లైస్? భుజం ఎత్తులో నాకు కాస్త నమ్మకం ఉన్నది అదొక్కటే.

బేస్‌లైన్‌బాబాయి:
ఊపిరి పీల్చుకోవడానికి పనికొస్తుంది. లోతుగా పడకపోతే మాత్రం ఆయనకు మీరే విందు పెట్టినట్టు.

పాతరాకెట్:
ఇక్కడ బాబాయి గారితో ఏకీభవిస్తాను. అసలు ఆయన అంత తీరిగ్గా బంతిని ఎత్తగలుగుతున్నారంటే, అంతకుముందు మీరు కొట్టింది నెట్‌కూ బేస్‌లైన్‌కూ మధ్య ఉండే సర్వీస్ గీత దగ్గరే పడి ఉంటుంది. స్లైస్ వేసినా సరే, ఆ గీతకూ బేస్‌లైన్‌కూ మధ్య ఉన్న ఐదున్నర మీటర్లలో వెనక సగంలో పడేలా చూడండి. వచ్చే ఆదివారం ఒక సెట్ అలా ఆడి, ఎన్ని బంతులు మీ భుజం దాకా లేచాయో ఇక్కడ రాయండి.