ఎం 47 రెండు ఫోల్డర్లలో దొరికింది: మీ ఫోటోల చిట్టా ఎలా రాసుకుంటున్నారు?

చుక్కలచిట్టా:
మూడేళ్లుగా తీసిన ఫోటోలను నిన్న ఒకచోట పోసి సర్దుకోవడం మొదలుపెట్టాను. నీహారికలు, తారాగుచ్ఛాలు, గెలాక్సీలు కలిపి 90 తీశానని ఇన్నాళ్లూ గొప్పలు పోయాను. తీరా చూస్తే లెక్క 83 దగ్గర ఆగింది. ఒకే గుచ్ఛం ఒకచోట ‘ఎం 47’, ఇంకోచోట ‘ఎన్‌జీసీ 2422’ అనే పేర్లతో (మొదటిది మెస్సియే జాబితా సంఖ్య, రెండోది ఎన్‌జీసీ కేటలాగ్ సంఖ్య) ఉంది. ఇవి కాక ‘కొత్తది’, ‘కొత్తది 2’, ‘ఆఖరుది’ అనే ఫోల్డర్లూ ఉన్నాయి. వాటిలో ఉన్నవేమిటో తీసిన నాకే తెలియదు. మీరంతా ఏ పద్ధతిలో రాసుకుంటున్నారు?

మసకమచ్చ:
ఎం 47 విషయంలో మీరు సిగ్గుపడనక్కరలేదు. అక్కడ ఆ ‘ఎం’ జాబితా రాసిన ఖగోళవేత్త మెస్సియే అంతటివాడే తడబడ్డాడు. పక్క నక్షత్రం నుంచి గుచ్ఛం ఎటువైపు ఉందో చెప్పే ప్లస్, మైనస్ గుర్తులు తారుమారయ్యాయి. ఆయన రాసిన చోట చూస్తే గుచ్ఛమే లేదు. 1888లో ఖగోళవేత్త డ్రేయర్ 7,840 అంశాలతో ఎన్‌జీసీ కూర్చినప్పుడు ఆ ఖాళీ చోటుకు కూడా 2478 అని ఒక సంఖ్య ఇచ్చాడు! అసలు గుట్టు 1959లో గానీ తేలలేదు.

అయినా మెస్సియే జాబితా నుంచి మరీ క్రమం ఆశించకూడదు. తోకచుక్కల వేటలో వాటిలాగే కనిపించి మోసం చేసే మసక మచ్చలను ఆయన గుర్తుపెట్టుకున్నాడు, అంతే. అందులో ఎం 40 కేవలం రెండు నక్షత్రాలు, ఎం 73 నాలుగు నక్షత్రాలు. ఎం 102 అంటే ఎం 101నే మళ్లీ రాశాడా, వేరే గెలాక్సీయా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. ఎం 73 కోసం నేను రెండు గంటలు ఎక్స్‌పోజర్ ఇచ్చాను. అవే నాలుగు నక్షత్రాలు, కాకపోతే చాలా స్పష్టంగా వచ్చాయి.

రెండుపట్టికలు:
పేరును నమ్ముకుంటే ఇలాగే అవుతుంది. ఆకాశంలో చోటును చెప్పే అంకెలు, అంటే విషువాంశ, క్రాంతి రాసుకోండి. పేర్లు ఎన్ని ఉన్నా చోటు ఒక్కటే. రోజెట్ నీహారికనే చూడండి. దాని ముక్కలకూ మధ్యనున్న గుచ్ఛానికీ కలిపి 2237, 2238, 2239, 2244, 2246 అని అయిదు ఎన్‌జీసీ సంఖ్యలున్నాయి. దీనికి తిరగబడ్డ చిక్కు ఎం 46తో వస్తుంది. గుచ్ఛమని ఫోటో తీస్తే అందులోనే ఎన్‌జీసీ 2438 అనే గ్రహ నీహారిక (చివరి దశలో నక్షత్రం వదిలిన వాయువు) కూడా పడుతుంది. మరి ఆ ఫోటోను ఏ పేరు కింద పెట్టాలి?

నేను చాలాకాలం తంటాలు పడి చివరికి రెండు పట్టికలు చేసుకున్నాను. ఒకదానిలో రాత్రుల వివరాలు, రెండోదానిలో ఖగోళ వస్తువులు. ఫోటో ఫైలు రాత్రి పట్టికలో ఒక్కసారే ఉంటుంది. అందులో ఏమేమి పడ్డాయో రెండో పట్టికలో ఎన్ని వరుసలైనా రాసుకోవచ్చు. ఫైలు పేరు మాత్రం సంవత్సరం, నెల, తేదీ వరుసలోనే మొదలుపెట్టండి. అప్పుడు వాటంతటవే కాలక్రమంలో అమరుతాయి. పేరు లేని ఫోల్డర్లకు బెంగ వద్దు. ఫోటోలోని నక్షత్రాల అమరికను బట్టి అది ఆకాశంలో ఏ చోటో చెప్పే సాఫ్ట్‌వేర్ ఉంది కదా, దానికి అప్పగించండి.

నల్లఫ్రేము:
కెమెరా, ఫిల్టర్ కూడా తప్పక రాయండి. ఎర్రటి నీహారికల వెలుగు ఎక్కువగా 656.3 నానోమీటర్ల దగ్గర వస్తుంది. మామూలు కెమెరా లోపలి ఫిల్టర్ అందులో చాలా భాగాన్ని మింగేస్తుంది. ఇది రాసుకోక, రెండు కెమెరాల ఫోటోలను పక్కపక్కన పెట్టి ఆకాశాన్ని తిట్టుకున్న రోజులున్నాయి నాకు. ఇలాంటి ఒక్క రంగు సన్నని పట్టీనే వదిలే ఫిల్టర్ నీహారికలకు బాగా పనికొస్తుంది గానీ గెలాక్సీలకు అంతగా కాదు. వాటి వెలుగు అన్ని రంగుల్లోనూ పరచుకుని ఉంటుంది.

ఫ్రేముల (ఒకే వస్తువును వరుసగా తీసిన విడి ఫోటోల) సంఖ్య కూడా ముఖ్యమే. నాలుగు రెట్లు ఫ్రేములు ఒకదానిపై ఒకటి పేర్చితే నాయిస్ (ఫోటోలోని గరుకుదనం) సగమే తగ్గుతుంది. ఇంకొక్క గంట కూర్చోవాలా వద్దా అన్నది ఆ లెక్కే చెబుతుంది. ఓరియన్ నీహారిక ఎం 42కు మాత్రం పొడవైనవి, పొట్టివి విడివిడిగా రాసుకోవాలి. మూడు నిమిషాల ఫ్రేముల్లో దాని నడుమనున్న ట్రెపీజియం అనే నక్షత్రాల గుంపు తెల్లటి ముద్ద అయింది. తర్వాత పది సెకన్ల ఫ్రేములు కలిపితే గానీ ఆ నాలుగు నక్షత్రాలు విడిపడలేదు. అన్నట్టు, కెమెరాను తిప్పితే ఫ్లాట్లు (దుమ్ము మచ్చలను సరిదిద్దడానికి సమంగా వెలిగే తెర మీద తీసే ఫోటోలు) మళ్లీ తీయాల్సిందే. బద్ధకించాను, దుమ్ము వలయాలు ఫోటో నిండా వచ్చాయి.

పాతపలక:
చెడిపోయినవని తీసేయకండి, అదొక్కటే నా మాట. గుర్రపుతల నీహారిక 1888లో దొరికింది ఆకాశంలో కాదు, హార్వర్డ్‌లోని ఫోటో పలక మీద. అక్కడ పనిచేసిన విలియమినా ఫ్లెమింగ్ దాన్ని గుర్తించారు. డ్రేయర్ తన తర్వాతి కేటలాగ్‌లో ఆమె పేరు రాయనే లేదు, ఘనత హార్వర్డ్ వేధశాల అధిపతి పికరింగ్‌కు పోయింది. అందుకే నా పట్టికలో ‘తీసినవారు’, ‘గుర్తించినవారు’ అని రెండు గళ్లున్నాయి. ఇద్దరం కలిసి చేసే పనిలో ఆ రెండో గడి ఎన్ని గొడవలు తప్పించిందో!

చుక్కలచిట్టా:
అందరికీ ధన్యవాదాలు. రెండు పట్టికల పద్ధతి మొదలుపెట్టాను. ‘కొత్తది 2’ ఏమిటో సాఫ్ట్‌వేర్ చెప్పేసింది. అది ఎన్‌జీసీ 2244, అంటే రోజెట్ మధ్యనున్న గుచ్ఛం, కెమెరా తలకిందులుగా బిగించి తీసిన ఫోటో. అదే గుచ్ఛాన్ని తీయడం నాకిది మూడోసారి. అంటే లెక్క ఇప్పుడు 82. ‘ఆఖరుది’ ఎం 33 గెలాక్సీ అని తేలింది, అది నిజంగానే వేరే. ‘కొత్తది’లో నక్షత్రాలన్నీ గీతలై పోయాయి, సాఫ్ట్‌వేర్ కూడా చేతులెత్తేసింది. పాతపలక గారి మాట మీద దాన్ని మాత్రం ఉంచుకున్నాను.